మూడోసారి వద్దంటే

ఆ ఇంట్లోకి తెల్లబూట్లు వచ్చాయంటే ముహూర్తం పెట్టేసినట్టే. తీయా మెర్సెడితా, అంటే మెర్సెడితా పెద్దమ్మ, జెడ్డా నుంచి సెలవు మీద వచ్చిన ప్రతిసారీ అందరికీ ఏదో ఒకటి తెస్తుంది. మగవాళ్ళకి బనియన్లు, ముసలావిడకి మోకాళ్ళ నొప్పుల మందు, పిల్లలకి చాక్లెట్లు. తెల్లబూట్లు మాత్రం అందరికీ తేదు. ఏ ఏడు ఏ ఆడపిల్ల పన్నెండో తరగతి గట్టెక్కితే ఆ పిల్లకి తెస్తుంది. మెత్తటివి, నడిస్తే చప్పుడు చెయ్యనివి, ఆస్పత్రిలో పన్నెండు గంటలు నిలబడడానికి పనికొచ్చేవి. మొదటి జత జింకీకి వచ్చింది, జింకీ ఇప్పుడు రియాద్‌లో నర్సు. రెండో జత అర్లీన్‌కి వచ్చింది, అర్లీన్ ఇంగ్లండులో నర్సు. మూడో జత ఈ ఏడు రోస్వికి వచ్చింది.

అమ్మ రొసారియో పేరులో సగం, నాన్న విర్హిలియో పేరులో సగం కలిపి పెట్టిన పేరు రోస్వి. ఆ పిల్ల బూట్లు తొడుక్కుంటే సరిపోయాయా లేదా అని ఇంటిల్లిపాదీ వంగి చూశారు. అచ్చు కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. సరిపోకపోతే బాగుండునని ఆ గుంపులో అనుకున్నది రోస్వి ఒక్కత్తే.

పైకి మాత్రం ఆ చదువుకి ఎవరూ నర్సింగ్ అని పేరు పెట్టరు. ప్రీ-మెడ్ అంటారు. డాక్టరు చదువులో అడుగుపెట్టాలంటే ముందు నాలుగేళ్ళు ఏదో ఒక డిగ్రీ చదివి రావాలి కదా, ఆ డిగ్రీకి ముద్దు పేరు అది. ఏది చదివినా పరవాలేదని రూలు. వాళ్ళ ఊరు లిబువాంగ్‌లో మాత్రం ఆ ఏదో ఒకటి ఎప్పుడూ నర్సింగే అవుతుంది. ఎందుకంటే నర్సింగ్ అయితే మధ్యలో ఆగినా కూడు పెడుతుంది. ఇంతవరకూ అందరూ మధ్యలోనే ఆగారు. జింకీ ప్రీ-మెడ్, అర్లీన్ ప్రీ-మెడ్, చేపల రేవు దగ్గర పచ్చ ఇంటి వాళ్ళ ముగ్గురు ఆడపిల్లలూ ప్రీ-మెడ్. ఊరి ఆరోగ్య కేంద్రానికి మాత్రం నెలకి రెండు గురువారాలు పొరుగూరి డాక్టరు వచ్చిపోతాడు. వాన పడితే అదీ లేదు.

రోస్వి ఇదంతా చిన్నప్పటి నుంచీ చూసింది. చూసి తనలో తనే ఒక లెక్క కట్టుకుంది. నర్సింగ్ పూర్తిచేసిన మర్నాడే ఉద్యోగం పిలుస్తుంది, ఉద్యోగం పిలిస్తే ఇల్లు పంపిస్తుంది. అదే జీవశాస్త్రం చదివితే నాలుగేళ్ళ తర్వాత ఆ పట్టా పట్టుకుని ఏ ఊరు వెళ్ళినా ఎవరూ రమ్మనరు. దానితో చెయ్యగలిగిన పని ఒక్కటే, డాక్టరు చదువుకి వెళ్ళడం. కనుక మధ్యలో ఆగడానికి వీల్లేని చదువే చదవాలి. పడితే పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని ఇంట్లోవాళ్ళు అంటారు. ఆ పట్టుకునేదాన్ని చూసే రోస్వికి భయం.

ఎవరికీ చెప్పకుండా, బడిలో టీచరు సాయంతో, ఇలోయిలోలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి పరీక్ష రాసింది. తీయా వచ్చిన రెండో వారం, సోమవారం పొద్దున, ఫలితం ఫోన్లోకి వచ్చింది. జీవశాస్త్రంలో సీటు. కింద చిన్న అక్షరాల్లో ఇంకో సంగతి కూడా ఉంది. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటిలోగా తల్లో తండ్రో సంతకం పెట్టిన ఒప్పుకోలు కాగితం పంపాలి. పంపకపోతే ఆ సీటు వెనకున్న వాళ్ళకి పోతుంది.

రోస్వి ముందు నాన్న దగ్గరికి వెళ్ళింది. విర్హిలియో నడుముదాకా నీళ్ళలో నిలబడి వెదురు గుంజల నుంచి ఆల్చిప్పలు ఒలుస్తున్నాడు. కూతురు చెప్పిందంతా విని చాలా సంతోషించాడు. మీ అమ్మ పెడితే నేనూ పెడతానన్నాడు. ఆ ఇంట్లో చదువుల వ్యవహారం భార్య తరఫు వాళ్ళదని, అందులో వేలు పెట్టకూడదని పెళ్ళయిన కొత్తల్లోనే తెలుసుకున్న మనిషి.

తర్వాత నానాయ్ దగ్గరికి, అంటే అమ్మ దగ్గరికి, వెళ్ళింది. రొసారియో ఫోన్ చేతిలోకి తీసుకుని ఆ నాలుగు లైన్లూ చదివి, కూతురి నుదురు మీద ముద్దు పెట్టుకుంది. తర్వాత ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

“ముందు తీయాకి చెప్పు. ఆవిడ సరేనంటే పెడతాను.”

“నువ్వు చెప్పొచ్చుగా నానాయ్. నీ అక్కే కదా.”

“నేనా?” అంది రొసారియో.

ఆ ‘నేనా’ వెనక ఉన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఇరవై ఏళ్ళ కిందట మెర్సెడితా కూడా నర్సింగ్ చదివింది. నిజంగానే ప్రీ-మెడ్ అని చదివింది, డాక్టరు చదువు ప్రవేశ పరీక్ష కూడా రాసి నెగ్గింది. అదే ఏడు తుఫానులో వాళ్ళ నాన్న పడవ పోయింది. అదే ఏడు చెల్లెలు రొసారియో టీచరు ట్రైనింగులో చేరింది. ఇద్దరిలో ఒకరు సంపాదించాలి. రెండేళ్ళు పనిచేసి వచ్చేస్తానని మెర్సెడితా జెడ్డా విమానం ఎక్కింది. చెల్లెలు టీచరయితే తను తిరిగొచ్చి డాక్టరవుతుందని అనుకున్నారు. అనుకున్నదొకటి, అయినదొకటి. చెల్లెలు రెండో ఏడాది మధ్యలో చదువు మానేసి ఇంటికొచ్చింది, కడుపులో రోస్వితో. కావలసిన డాక్టరు పోయింది, కావలసిన టీచరు పోయింది, చేతికి రోస్వి వచ్చింది. తీయా ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. ఒక్కసారి ఎత్తి నాలుగు తిట్టి ఉంటే రొసారియో బతుకు కాస్త తేలికయ్యేది.

ఇంక మిగిలిన దారి లోలా ఎంకార్న. తీయాకీ రొసారియోకీ తల్లి, రోస్వికి అమ్మమ్మ. ఈ తీరాన పెద్ద కోరికలు ఎవరూ నేరుగా అడగరు, మధ్య మనిషిని పెట్టి అడిగిస్తారు. ఆ పనికి ఊరంతా వచ్చేది లోలా దగ్గరికే. సగం పెళ్ళిళ్ళు ఆవిడ కుదిర్చినవే, కత్తులు దూసుకున్న వియ్యాలవాళ్ళని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టిన ఘనతా ఆవిడదే. ఎంత ముళ్ళున్న మాటయినా ఆవిడ చేతిలో పెడితే చేపకి తీసినట్టు ముళ్ళన్నీ ఏరి మెత్తటి ముక్క అవతలివాళ్ళ నోట్లో పెడుతుంది. ఇబ్బందల్లా ఏమిటంటే, ఒక్కోసారి ఆ ముల్లే అసలు మాట.

రోస్వి సోమవారం రాత్రి భోజనాలకి ముందే లోలా చెవిన వేసింది. “నర్సింగ్‌లో చేరితే నేను అక్కడితో ఆగిపోతాను లోలా. జింకీలాగా, తీయాలాగా పంపేస్తారు. నాకు ఇలోయిలో కావాలి. ఇదే చెప్పు, ఇలాగే చెప్పు” అంది. లోలా అంతా విని తలూపింది. పిల్ల జుట్టు నిమిరి, నేనున్నానుగా అంది.

మంగళవారం మధ్యాహ్నం లోలా, తీయా వసారాలో వెదురు బల్ల మీద కూర్చున్నారు. రోస్వి వంటింట్లో ఆల్చిప్పలు కత్తితో విప్పుతూ చెవులు అటే పడేసింది. లోలా ముందు పక్కింటి పంది ఈనిన సంగతి చెప్పింది. కొత్త ఫాదరు ప్రసంగాలు మరీ పొడవన్నది. ఆ తర్వాత గొంతు తగ్గించింది.

“పిల్లకి ఇలోయిలోలో కూడా సీటొచ్చిందటే.”

“నిజంగానా? ఏ చదువు?”

“ఏదో జీవశాస్త్రమట. సర్కారు చదువు, ఫీజు ఉండదట. దాని మనసు చాలా మెత్తన మెర్సిడ్, నీకు తెలీదు. తీయాకి మోకాళ్ళు పట్టేస్తున్నాయి, నాకోసం ఇంకా ఎన్నేళ్ళు నిలబడుతుంది అని దిగులు దానికి. నీతో చెప్పలేక నాతో చెప్పుకుంది.”

రోస్వి చేతిలో కత్తి ఆగిపోయింది. అందులో ఒక్క ముక్కా తను చెప్పింది కాదు. తీయా మోకాళ్ళ సంగతి తన నోట ఎప్పుడూ రాలేదు. అవతల తీయా ఏడుస్తున్న చప్పుడు వినిపించింది. ఏళ్ళ తరబడి పరాయి దేశంలో పరాయివాళ్ళ రోగాలకి సేవ చేసిన మనిషిని, నీ మోకాళ్ళు నొప్పా అని అడిగినవాళ్ళు ఎవరూ లేరు మరి.

“చూశావా నానాయ్, ఎంత పిల్ల! నాకు బరువవుతానని చదువు వదులుకుంటుందా? నా మోకాళ్ళు విరిగినా సరే, దాన్ని ఎందుకూ పనికిరాని చదువులో పడనివ్వను.”

తర్వాత రోస్వి లోలాని దొడ్డి వైపు తీసుకుపోయి, నేను చెప్పిందేమిటి నువ్వు చెప్పిందేమిటి అని అడిగింది. లోలా నొచ్చుకోలేదు. అలా మొహం మీద కొట్టినట్టు చెబితే మనసు విరుగుతుందని, ముందు మెత్తబరిచానని, మిగతాది ఇప్పుడు నువ్వు చెప్పుకోవడం తేలికని చెప్పింది. నలభై పెళ్ళిళ్ళు ఇలాగే చేశానంది.

మిగతాది చెప్పుకోవడం ఎంత తేలికో రోస్వికి బుధవారం తెలిసింది. ఇక్కడ ఎవరింటి ముందు నుంచి పోతున్నా ‘రా, భోంచెయ్యి’ అంటారు. ఇప్పుడే తిన్నానని చెప్పాలి, తినకపోయినా సరే. రెండోసారి అంటారు. అయ్యో వద్దండీ, నిజంగా తిన్నాను అనాలి. మూడోసారి అన్నాక వచ్చి కూర్చోవాలి. మూడోసారి కూడా వద్దంటే, మీ కూడు నాకు ఆనదు అని మొహం మీద చెప్పినట్టే. అంటే మొదటి రెండు ‘వద్దు’లూ మర్యాద, మూడోది తిట్టు. నిజంగా వద్దు అనుకున్నవాడు ఏం చెయ్యాలో మాత్రం పెద్దవాళ్ళెవరూ ఏర్పాటు చేసి పోలేదు.

బుధవారం పొద్దున్నే తీయా రోస్విని దగ్గరికి లాక్కుని, లోలా అంతా చెప్పిందని, ఇక నుంచి నా గురించి ఆలోచించడం మానెయ్యమని, రేపే రోహాస్ పట్నం వెళ్ళి సాంతా ఎమెరెన్సియానా నర్సింగ్ కాలేజీలో చేర్పిస్తానని చెప్పింది.

“నాకు నర్సింగ్ వద్దు తీయా” అంది రోస్వి.

తీయా కళ్ళు మళ్ళీ నిండాయి. “ఇదిగో, ఇదీ మన ఇంటి పిల్ల” అని రొసారియోని పిలిచి మరీ చూపించింది.

సాయంత్రం వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు రోస్వి మళ్ళీ చెప్పింది. ఈసారి కారణం కూడా చెప్పాలని గుండె చిక్కబట్టుకుంది. నర్సింగ్ వద్దు తీయా, నేను ఇలోయిలో వెళతాను, నర్సింగ్ చదివితే నేను… అని, అక్కడ ఆగింది. నర్సింగ్ చదివితే నేను నీలా అయిపోతాను అన్నది ఆ వాక్యం చివర. అల్లం దంచుతూ తలెత్తి, మెరుస్తున్న కళ్ళతో తనకేసి చూస్తున్న ఆ మొహానికేసి ఆ మాట ఎలా విసరాలి? కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అంటారు. ఇక్కడ ఎవరికీ కోపం లేదు. అందరికీ ప్రేమే, అందుకే ఊపిరాడడం లేదు.

“నర్సింగ్ చదివితే నువ్వు మారాణివి” అని తీయా తనే ఆ వాక్యం పూర్తిచేసింది. రెండో వద్దు అలా ఖర్చయిపోయింది.

గురువారం తీయా, రొసారియో, రోస్వి ముగ్గురూ జీపులో రోహాస్ వెళ్ళారు. కాలేజీ చల్లగా, శుభ్రంగా ఉంది. గోడ నిండా పరాయి దేశాలకి వెళ్ళిన పూర్వ విద్యార్థినుల ఫోటోలు, ఒక్కో ఫోటో కింద ఒక్కో దేశం జెండా. కిటికీ వెనకున్న గుమాస్తా దరఖాస్తు నింపుతూ, ఎందుకు చేరుతున్నావని అడిగింది. రోస్వి నోరు విప్పేలోగా తీయా, ప్రీ-మెడ్ అండి, మా పిల్ల డాక్టరవుతుంది అని చెప్పింది. గుమాస్తా తలెత్తకుండా ఒక గడిలో టిక్కు పెట్టింది. ఆ గడిలో చాలా మందికి టిక్కు పెట్టి పెట్టి అలవాటైన చెయ్యి అది.

పక్క గదిలో యూనిఫాం కొలతలు తీస్తున్నారు. దర్జీ ఆవిడ మెడలోంచి టేపు తీసి, చేతులు చాపమంది. రోస్వి చాపలేదు.

“తీయా, నాకిది వద్దు. నిజంగా వద్దు.”

దర్జీ ఆవిడ టేపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వరసలో ఉన్న మరో ఇద్దరు తల్లులు గోడ మీది క్యాలెండరు చూడసాగారు. తీయా మొహంలో నవ్వు ఉంది గానీ ఏం చెయ్యాలో తెలియక అక్కడే నిలిచిపోయిన నవ్వు అది. రొసారియో కూతురి పక్కకి వచ్చి మోచెయ్యి పట్టుకుంది.

“రోస్వి” అంది చిన్నగా. “మూడోసారి.”

అంతే అంది. అది చాలు. రోస్వి తల్లి మొహం చూసింది. ఆ మొహంలో కోపం లేదు, బతిమాలడం ఉంది. పద్దెనిమిదేళ్ళుగా అక్క ఎదుట తలెత్తని మనిషి, ఇప్పుడు నలుగురిలో అదే అక్కని కూతురు చిన్నబుచ్చడం చూడలేకపోతోంది.

రోస్వి చేతులు చాపింది. టేపు భుజం మీదుగా, ఛాతీ చుట్టూ, నడుము చుట్టూ తిరిగింది. దర్జీ ఆవిడ అంకెలు గట్టిగా చదువుతుంటే తీయా మళ్ళీ మామూలు మనిషయింది, కొంచెం వదులుగా కుట్టండి, ఇంకా పెరిగే పిల్ల అని చెప్పింది.

తిరుగు ప్రయాణంలో తీయా రోస్వి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తనూ ఆ గదిలోనే కొలతలు ఇచ్చానని, అప్పుడు కిటికీకి పచ్చ పరదాలుండేవని చెప్పింది. “నేను ఆగిపోయానని నీకు భయం కదూ? నాకు అర్థంకాదనుకున్నావా? నా వెనక ఎవరూ లేరు ఇందాయ్, నా చిట్టితల్లీ, అందుకే ఆగాను. నీ వెనక నేనున్నాను. నాలుగేళ్ళు చదువు. తర్వాత ఒక్క రెండేళ్ళు పనిచెయ్యి, అప్పటికి నా కాంట్రాక్టు అయిపోతుంది, తోతో కాలేజీ అందుకుంటాడు. వాడిని కాస్త గట్టెక్కించు. ఆ తర్వాత మెడిసిన్. నేను మాటిస్తున్నాను.”

తోతో రోస్వి పెద్ద తమ్ముడు. వాడి వెనక ఇంకో తమ్ముడు, వాడి వెనక ఒక చెల్లి. ఒక్క రెండేళ్ళు అన్న మాట ఎంత పొడవుంటుందో తీయాకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అయినా ఆవిడ ఆ మాట మనస్ఫూర్తిగా, నిజమని నమ్మి అంటోంది. మోసం చేస్తున్న మనిషితో పోట్లాడొచ్చు. ఈవిడతో ఎలా పోట్లాడాలో రోస్వికి తెలియలేదు. అలాగే తీయా అంది.

శుక్రవారం పొద్దున మాత్రం, ఎక్కడో ఇంకా ప్రాణం పోని ఆశతో, ఒప్పుకోలు కాగితం పక్కింట్లో ప్రింటు తీయించి తెచ్చింది. తీయా ఆదివారం వెళ్ళిపోతుంది గనక ఆ రోజు ఇంట్లో పెద్ద వంట. రొయ్యలు, పీతలు, కొబ్బరి పాలలో ఉడికిన పనసకాయ. రొసారియో పొయ్యి దగ్గర ఉంది. రోస్వి కాగితం, పెన్నూ బియ్యం డబ్బా మీద పెట్టింది. గోడ గడియారం పదకొండు చూపిస్తోంది.

“సంతకం పెడితే ఫోటో తీసి పంపేస్తాను నానాయ్. రెండు నిమిషాలు. తీయాతో తర్వాత నేను చెప్పుకుంటాను. కాళ్ళు పట్టుకుంటాను. నువ్వు సంతకం ఒక్కటి పెట్టు.”

రొసారియో చేతులు తుడుచుకుని కాగితం తీసుకుంది. మొదటి నుంచి చివరి దాకా చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

“నా చదువు కోసం ఆగిపోయిన మనిషి రోస్వి. ఆ చదువు నేనేం చేశానో నీకు తెలుసు. ఇప్పుడు ఆవిడ చెయ్యి కాదని ఇదే చేత్తో సంతకం పెట్టనా?”

“నేనేం చేశాను నానాయ్?” అంది రోస్వి. నిజంగా అడిగింది. తను చేసినదల్లా పుట్టడం.

మూకుడులో నూనె చిటపటలాడింది. రొసారియో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పెన్నుతో సహా ఏప్రాన్ జేబులో పెట్టుకుంది. “భోజనాలయ్యాక” అంది.

భోజనాలకి పదకొండున్నరకి కూర్చున్నారు. లోలా ప్రార్థన చెప్పింది, జెడ్డా నుంచి రియాద్ దాకా అందరి పేర్లూ వచ్చాయి. రోస్వి గడియారానికి ఎదురుగా కూర్చుంది. రొసారియో కూర్చోలేదు. వడ్డిస్తూ బల్ల చుట్టూ తిరుగుతూనే ఉంది, మధ్యమధ్య పొయ్యి దగ్గరికి పోతోంది, వస్తోంది. ప్రతిసారీ రోస్వి కళ్ళు ఆ ఏప్రాన్ జేబు వెంటే వెళ్ళాయి.

తీయా రొయ్య ఒలిచి రోస్వి పళ్ళెంలో పెట్టబోయింది. చాలు తీయా అంది రోస్వి. ఇంకొకటి ఒలిచింది. నిజంగా చాలు తీయా. తీయా నవ్వి మూడోది ఒలిచి నోటి దగ్గరికే తెచ్చింది. రోస్వి నోరు తెరిచింది. అది నములుతుండగా చర్చి గంట పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది. లోలా శిలువ గుర్తు వేసుకుంది. రొసారియో అన్నం గిన్నె చేత్తో పట్టుకుని, పన్నెండో గంట అయ్యేదాకా వంటింటి గుమ్మంలో నిలబడే ఉంది. ఆ తర్వాత వచ్చి మొదటిసారి కుర్చీలో కూర్చుని, తన పళ్ళెంలో అన్నం పెట్టుకుంది.

ఆదివారం తీయాని విమానం ఎక్కించి వచ్చారు. సోమవారం బట్టలు ఉతుకుతుంటే ఏప్రాన్ జేబులో గట్టిగా ఏదో తగిలింది రోస్వి చేతికి. నాలుగు మడతల కాగితం, నూనె మరకలతో. విప్పి చూస్తే కింద గీత మీద రొసారియో సంతకం ఉంది. ఒకప్పుడు టీచరు కావలసిన మనిషి చేతిరాత, గుండ్రంగా, ఒక్క అక్షరం తొణకకుండా. పక్కన శుక్రవారం తారీఖు కూడా వేసి ఉంది. వడ్డనల మధ్య ఎప్పుడో పొయ్యి దగ్గర నిలబడి పెట్టింది. పెట్టి, అక్క ఎదురుగా ఆ బల్ల దాటించి కూతురి చేతికి ఇవ్వలేకపోయింది. రోస్వికి ఏడుపు వచ్చింది, అమ్మ మీద కోపం తెచ్చుకుందామంటే రాలేదు. కాగితం అమ్మకి చూపించలేదు. సబ్బు నీళ్ళలో నాననిచ్చి, ముద్ద చేసి పారేసింది.

ఆగస్టులో కాలేజీ తెరిచారు. మొదటి రోజు కొత్తవాళ్ళనందరినీ పెద్ద హాల్లో కూర్చోబెట్టారు. రెండు వందల మంది, అందరూ తెల్లటి యూనిఫాంలో, తెల్లటి బూట్లతో. డీన్ అరవయ్యేళ్ళ మనిషి, పొట్టిగా, మెడలో గొలుసుకి కళ్ళజోడు వేలాడేసుకుని వేదిక మీదికి వచ్చింది. స్వాగతం అదీ ముగించి, మీలో ప్రీ-మెడ్ అని చేరినవాళ్ళు చేతులెత్తండి అంది.

హాలంతా చేతులే. రోస్వి కూడా ఎత్తింది.

“దించకండి” అంది డీన్. “ఇంట్లో మీ వెనక చదువుకోవలసిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ లేనివాళ్ళు మాత్రం దించెయ్యండి.”

ఓ మూల రెండు చేతులు దిగాయి. ముందు వరసలో ఒకటి. కాస్త ఆగి మరొకటి. మిగతావన్నీ అలాగే ఉన్నాయి. పక్కనున్న పిల్ల, నీకెంతమంది అని రోస్విని గుసగుసగా అడిగింది. ముగ్గురు అంది రోస్వి. నాకు ఐదుగురు అంది ఆ పిల్ల, నవ్వుతూ.

డీన్ ఆ చేతులకేసి కాసేపు చూసింది. ఏదో చెబుతుందని అందరూ ఎదురుచూశారు. ఆవిడ సరే దించండి అని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి పాఠం పక్క సర్దడమని, దుప్పటి మూలలు మడిచే పద్ధతి చూపించడానికి మంచం తెప్పించింది.

మధ్యాహ్నం విరామంలో ఫోన్ చూసుకుంటే జెడ్డా నుంచి తీయా మెసేజ్ ఉంది. డ్యూటీకి వెళ్ళే ముందు పెట్టినట్టుంది. కొత్త బూట్లు కదా ఇందాయ్, మడమల దగ్గర కొరుకుతున్నాయా, నొప్పెడితే దూది పెట్టుకో అని రాసింది.

రోస్వి ఒక కాలు బయటికి తీసి చూసుకుంది. మడమ దగ్గర కొంచెం కూడా ఎర్రబడలేదు.

లేదు తీయా, సరిగ్గా సరిపోయాయి అని రాసి పంపింది.